పిల్లల రక్షణ శాఖ ఉద్యోగులకు ఏ అర్హత ఉండాలని అడగాలి?

సన్నజాజి:

అందరికీ నమస్కారం. అమెరికాలో స్టేట్ వాళ్ల పిల్లల రక్షణ శాఖ గురించి బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే సలహా చెప్పండి.

మా ఫ్రెండ్ వాళ్ల బాబుకు తొమ్మిదో నెల. డేకేర్‌లో డైపర్ మారుస్తుంటే నడుం కింద నీలంగా మచ్చ కనిపించిందని టీచర్ హాట్‌లైన్‌కు ఫోన్ చేసింది. ఆమెను తప్పు పట్టను. అనుమానం వస్తే చెప్పి తీరాలని చట్టమే ఉంది. సాయంత్రానికి ఆ శాఖ తరఫున విచారించే ఉద్యోగి, అంటే ఒక కేస్‌వర్కర్, ఇంటికి వచ్చింది. చిన్న వయసు, మర్యాదగానే మాట్లాడింది. కానీ మన పిల్లల్లో చాలామందికి అలాంటి మచ్చ పుట్టుకతోనే ఉంటుందని ఆ అమ్మాయికి తెలియదు. "ఈ దెబ్బ ఎప్పుడు తగిలింది?" అని ఒకటే ప్రశ్న. ఇంట్లో ఉన్న అమ్మమ్మకు ఇంగ్లిష్ రాదు. ఆవిడతో మాట్లాడడానికి బాబు వాళ్ల అక్కను, ఎనిమిదేళ్ల పిల్లను, పక్కన కూర్చోబెట్టుకుంది. "అమ్మమ్మా, తమ్ముణ్ణి నువ్వు కొట్టావా అని అడుగుతున్నారు" అని ఆ పిల్ల చేత అడిగించింది.

మర్నాడు పిల్లల డాక్టరు పుట్టినప్పటి రికార్డు పంపితే విషయం తేలిపోయింది. కేసు మూసేశారు. కానీ ఆ రాత్రి వాళ్లు పడిన టెన్షన్ నేను కళ్లారా చూశాను.

మా స్టేట్ రెప్రజెంటేటివ్‌కు (ఇక్కడి ఎమ్మెల్యే లాంటివారు) కొంతమందిమి కలిసి లెటర్ రాద్దామనుకుంటున్నాం. సోషల్ వర్క్ డిగ్రీ ఉన్నవాళ్లనే తీసుకోవాలని అడగాలా? ఇంకేమైనా కలపాలా? కోపంగా కాదు, పనికొచ్చేలా రాయాలని ఉంది.

వేపచెట్టు:

డిగ్రీ తప్పనిసరి చేయమనే రాయండి. చాలా స్టేట్లలో ఏదో ఒక బ్యాచిలర్స్ ఉంటే చాలు, ఈ ఉద్యోగానికి అప్లై చేయొచ్చు. ఒక కుటుంబంలోంచి పిల్లను తీసుకెళ్లాలా వద్దా అన్నంత పెద్ద నిర్ణయం మొదలయ్యేది ఆ మనిషి రాసే రిపోర్టు నుంచి. దానికి తగ్గ చదువు ఉండాలని అడగడంలో తప్పేముంది?

తంగేడు:

సన్నజాజి గారూ, నేను ఒక స్టేట్‌లో ఈ శాఖలోనే ఉన్నాను. చాలా ఏళ్లు ఇన్వెస్టిగేషన్లు చేశాను, తర్వాత సూపర్‌వైజర్‌గా ఉన్నాను, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ట్రైనింగ్ ఇస్తున్నాను.

ముందు ఆ ఎనిమిదేళ్ల పిల్ల సంగతి. అలా చేయకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ శాఖ అయినా 1964 నాటి సివిల్ రైట్స్ చట్టం ప్రకారం ఇంగ్లిష్ రానివాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడే ఏర్పాటు చేయాలి. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను కలిపి స్పీకర్ ఆన్ చేస్తే సరిపోయే పని. నిజంగానే ఇంట్లో ఎవరో కొడుతున్నారనుకోండి, ఆ పిల్ల నోటితోనే ఆ మాట ఎలా బయటికొస్తుంది? పిల్లను మధ్యలో కూర్చోబెడితే కుటుంబానికి అవమానం, అసలు విషయమూ దొరకదు. మీ లెటర్‌లో మొదటి పేరా ఇదే పెట్టండి.

ఇక డిగ్రీ. వేపచెట్టు గారన్నదానితో నేనూ ఏకీభవిస్తాను. సోషల్ వర్క్ చదివినవాళ్లు ఫీల్డ్ ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా బయట నిజమైన పని, చేసి వస్తారు. తెలియని ఇంటి తలుపు తట్టి, భయపడుతున్న మనుషుల ఎదురుగా కూర్చుని, వాళ్ల చేత మాట్లాడించడం వాళ్లకు కొంతైనా అలవాటై ఉంటుంది. కానీ డిగ్రీ ఒక్కటే అడిగితే ఏమవుతుందో చెప్తాను. రూల్ పాస్ అవుతుంది, జీతం మాత్రం పెరగదు. ఆ జీతానికి ఆ చదువున్నవాళ్లు రారు, పోస్టులు ఖాళీగా ఉంటాయి. ఖాళీల కేసులన్నీ ఉన్నవాళ్ల నెత్తిన పడతాయి. వాళ్లూ మానేస్తారు.

ఈ మానేయడమే మా శాఖకు అసలు జబ్బు. కేస్‌వర్కర్లు సగటున రెండేళ్లు కూడా ఉండడం లేదని ఫెడరల్ ఆడిట్ సంస్థ జీఏఓ 2003లోనే రిపోర్టు ఇచ్చింది. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2003, 2004 సంవత్సరాల్లో ఫోస్టర్ కేర్‌లోకి, అంటే సొంత ఇంటి నుంచి తీసి తాత్కాలికంగా వేరే చోట ఉంచే ఏర్పాటులోకి, వచ్చిన పిల్లల ఫైళ్లు చూసి ఒక లెక్క తీశారు. ఒక శాశ్వతమైన ఇంటికి చేరిన పిల్లల్లో 74.5 శాతం మందికి మొదటినుంచీ ఒక్క కేస్‌వర్కరే ఉన్నారు. కేస్‌వర్కర్ ఒకసారి మారిన పిల్లలు వాళ్లలో 17.5 శాతమే. కేసు ముదిరేకొద్దీ కేస్‌వర్కర్లు ఎక్కువసార్లు మారే అవకాశమూ ఉంది కాబట్టి తేడా అంతా దానివల్లే అనలేం. అయినా అంత దూరం ఉన్న రెండు అంకెలను పక్కన పెట్టేయడం నావల్ల కాదు.

ఫైలు చేతులు మారితే ఏం పోతుందో ఒకటి చెప్తాను. ఒక ఏడేళ్ల బాబు కేసు నాకు వచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు వాడు నా పేరు కూడా అడగలేదు. "ఇదివరకు వచ్చే ఆమె మా పాత ఇంటి నుంచి నా సైకిల్ తెస్తానంది. మీకు చెప్పిందా?" అన్నాడు. ఫైల్లో కోర్టు తేదీలున్నాయి, టీకాల వివరాలున్నాయి, స్కూలు రికార్డులున్నాయి. సైకిల్ లేదు. వాడికి ఆ శాఖ మొత్తం మీద గుర్తున్నది ఆ సైకిలే. అది తెచ్చి ఇచ్చేదాకా నేను అడిగిన వేటికీ వాడు సరిగ్గా జవాబు చెప్పలేదు.

అందుకని లెటర్‌లో డిగ్రీతో పాటు, ఆ డిగ్రీ ఉన్నవాళ్లు వచ్చి నిలబడడానికి కావలసినవి కూడా అడగండి. ట్రైనింగ్ ఖర్చులో అర్హమైన దానికి 75 శాతం వరకు ఫెడరల్ ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. టైటిల్ ఫోర్-ఈ అంటారు, 1980 నుంచి ఉన్న చట్టం. కాలిఫోర్నియాలో 1990లో యూనివర్సిటీలు, ప్రభుత్వ శాఖలు కలిసి కాల్‌స్వెక్ అని ఒకటి పెట్టుకున్నాయి. సోషల్ వర్క్ చదివే పిల్లలకు స్టైపెండ్ ఇస్తారు, చదువు అయ్యాక వాళ్లు కొంతకాలం పిల్లల శాఖలో పనిచేయాలి. మీ స్టేట్‌లో అలాంటిది ఉందా, ఉంటే ఏటా ఎంతమందికి ఇస్తున్నారు అని అడగండి. "మంచివాళ్లను తీసుకోండి" అని రాస్తే "అలాగే చూస్తాం" అని జవాబు వస్తుంది. ఇలా అడిగితే ఎవరో ఒకరు కూర్చుని లెక్క తీయాలి.

నేరేడు:

నేను పిల్లల డాక్టర్‌ని. మచ్చ గురించి మాత్రం చెప్తాను. దాన్ని మంగోలియన్ స్పాట్ అనేవారు, ఇప్పుడు వేరే పేరు వాడుతున్నారు. ఆసియా, ఆఫ్రికా మూలాలున్న పిల్లల్లో చాలా మామూలు. ఎక్కువగా నడుం కింద, పిరుదుల మీద ఉంటుంది. నొక్కితే నొప్పి ఉండదు, వాపు ఉండదు. దెబ్బ అయితే కొన్ని రోజుల్లోనే రంగు మారి పోతుంది. ఇది అలా మారదు, ఏళ్ల మీద మెల్లగా వెలిసిపోతుంది.

అయితే డేకేర్ టీచర్ భయపడడం న్యాయమే. ఇంకా పట్టుకుని నడవడం కూడా రాని పసిబిడ్డకు దెబ్బ తగిలిన మచ్చ కనిపిస్తే మేమూ ఉలిక్కిపడతాం. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఛాతీ, పొట్ట, వీపు, చెవి, మెడ మీద మచ్చలుంటే గట్టిగా చూడాలని, నాలుగు నెలల లోపు బిడ్డకైతే ఎక్కడున్నా వదలకూడదని మాకు నేర్పిస్తారు. ఇది కేస్‌వర్కర్లకు కూడా నేర్పించొచ్చు, పెద్ద చదువేం అక్కర్లేదు. తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. మొదటి చెకప్‌లోనే మచ్చ ఎక్కడుంది, ఎంత ఉంది అని రికార్డులో రాయించుకుని, ఒక కాపీ డేకేర్‌లో ఇవ్వండి.

సన్నజాజి:

డాక్టర్ గారూ, ఆ కాపీ సంగతి ఇవాళే మా గ్రూపులో పెడతాను. తంగేడు గారూ, ఒక్కొక్కరికి ఎన్ని కేసులుండాలి అన్నదానికి అంకె ఏదైనా ఉందా? లెటర్‌లో అంకె ఉంటే బలంగా ఉంటుందని అనిపిస్తోంది.

తంగేడు:

ఉంది. చైల్డ్ వెల్ఫేర్ లీగ్ ఆఫ్ అమెరికా ప్రమాణం ప్రకారం ఇన్వెస్టిగేషన్ చేసేవాళ్లకు నెలకు 12 కేసులు మించకూడదు. అది చట్టం కాదు, సలహా మాత్రమే. మీ స్టేట్‌లో సగటు అడగకండి. సగటులో అన్నీ దాక్కుంటాయి. పన్నెండు దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారు, చేరిన మొదటి ఏడాదిలోనే మానేసినవాళ్లు ఎంతమంది అని మూడు నెలలకోసారి అందరికీ కనిపించేలా పెట్టమనండి.

కొత్తవాళ్ల గురించి కూడా ఒక పేరా రాయండి. క్లాసులో ట్రైనింగ్ అయ్యాక కొంతకాలం అనుభవం ఉన్నవాళ్ల వెంట ఇళ్లకు వెళ్లాలి, తర్వాత తక్కువ కేసులతో మొదలుపెట్టాలి. మనుషులు తక్కువైనప్పుడు ముందు కోసేది దీన్నే. మీ ఫ్రెండ్ ఇంటికి వచ్చిన అమ్మాయి ఆ సాయంత్రం ఆ మచ్చ ఫోటో తీసి సూపర్‌వైజర్‌కు పంపి ఉంటే, ఫోన్ ఎత్తే తీరిక ఆ సూపర్‌వైజర్‌కు ఉండి ఉంటే, డాక్టర్ ఆఫీసుకు అప్పుడే కబురు వెళ్లేది. పని ఎక్కువైన కేస్‌వర్కర్ వల్ల ఏ తప్పూ లేని ఇంట్లో అంత భయం. అదే వారం అదే మనిషి వెళ్లాల్సిన ఇంకో ఇంట్లో నిజంగా ఆకలితో ఉన్న పిల్ల ఉండొచ్చు, అక్కడికి ఆలస్యంగా వెళ్తుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ రెండోది.

డబ్బు పెడితే ఫలితం ఉంటుందా అని రెప్రజెంటేటివ్ అడిగితే రెండు ఉదాహరణలు చెప్పండి. టెక్సస్ 2016 చివర్లో కేస్‌వర్కర్ల జీతం ఏడాదికి 12,000 డాలర్లు పెంచింది, తర్వాత మానేసేవాళ్లు తగ్గారు. న్యూజెర్సీ మీద 1999లో కోర్టులో కేసు పడింది, 2003లో ఒప్పందం కుదిరింది, 2006లో పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక డిపార్ట్‌మెంటే పెట్టారు. కేసుల సంఖ్య తగ్గించారు, ట్రైనింగ్ మార్చారు. కోర్టు పర్యవేక్షణ ముగిసింది 2023లో. అంటే ఒక గవర్నర్ టర్మ్‌లో తేలే పని కాదని కూడా ముందే చెప్పండి.

ఇంకొకటి, మీది ఏ స్టేట్? కాలిఫోర్నియా, ఒహాయో, పెన్సిల్వేనియా, వర్జీనియా లాంటి కొన్నిచోట్ల ఈ శాఖను నడిపేది కౌంటీలు. అలాంటి చోట కౌంటీ బోర్డుకు కూడా ఒక కాపీ పంపాలి, ఉద్యోగాలిచ్చేది వాళ్లే. డ్రాఫ్ట్ అయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, ఒకసారి చూస్తాను.