1/48 అల్బట్రోస్ మీద చెక్క చారలు కనపడాలా, వద్దా?

బెజవాడ_బైప్లేన్:
ఆదివారం గవర్నర్‌పేటలో కలిసినప్పుడు తెగని గొడవ ఇది. అల్బట్రోస్ డి.5 అంటే 1917 నాటి జర్మన్ ఫైటర్ విమానం, బాడీ అంతా వార్నిష్ కొట్టిన ప్లైవుడ్. మనం చేసేది దానికి 48వ వంతు సైజు ప్లాస్టిక్ మోడల్. దాని మీద చెక్క చారలు గీయకూడదంటాను. లెక్క చూడండి. బ్రష్‌తో ఎంత సన్నగా లాగినా గీత 0.3 మి.మీ. ఉంటుంది. 48తో గుణిస్తే 14 మి.మీ. పైనే. అసలు విమానం మీద చిటికెన వేలంత వెడల్పు చార ఎక్కడైనా ఉంటుందా? ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ రంగులో కాస్త తేడా చూపించి, పైన క్లియర్ ఆరెంజ్ పల్చగా స్ప్రే చేస్తే సరిపోతుంది.

గుంటూరు_గ్లూ:
లెక్క కరెక్టే అన్నా. కానీ మోడల్‌ని మనం చూసేది జానెడు దూరం నుంచి. చారల్లేకపోతే అది గోధుమరంగు ప్లాస్టిక్కే. అయినా గీయమని ఎవరన్నారు? తుడవమంటున్నా. అడుగున ఇసుకరంగు మ్యాట్ అక్రిలిక్. బర్న్ట్ అంబర్, అంటే ముదురు గోధుమరంగు, ఆయిల్ కలర్‌ని ముందు అట్టముక్క మీద పెడితే నూనె అట్ట పీల్చేసుకుంటుంది. ఆ రంగు చుక్కలుగా పెట్టి, పొడి ఫ్లాట్ బ్రష్‌తో ఒకే దిక్కుకి లాగెయ్యాలి. చార వేసేది చెయ్యి కాదు, బ్రష్ వెంట్రుకలు.

పటమట_పుట్టీ:
ఈ ముసురులో ఆయిల్ కలర్ ఎప్పటికి ఆరాలి? ఆరకముందే లాకర్ కొడితే ముడతలు గ్యారంటీ. చెక్క డెకల్స్, అదే చారలు అచ్చేసిన పల్చటి స్టిక్కర్లు, అతికించుకోండి, హాయి.

గుంటూరు_గ్లూ:
ఆ గుండ్రటి ముక్కు మీద డెకల్ మడతపడకుండా కూర్చోబెట్టి చూపించండి, అప్పుడు మాట్లాడదాం. పైగా అచ్చులో ఉన్న ఒకే చెక్క ముడి రెండు ప్యానెళ్ల మీద కనపడితే పరువు పోతుంది.

బెజవాడ_బైప్లేన్:
తమ్ముడూ, నీ ఫొటో చూశా. ఇనప తలుపుకి టేకు డిజైన్ వేయించినట్టుంది, ఏమనుకోకు. ప్రొపెల్లర్ దగ్గర మాత్రం నీతో ఏకీభవిస్తా. అది పొరలు పొరలుగా అతికించి చెక్కింది. రెండు సెంటీమీటర్ల పొర 1/48లో 0.4 మి.మీ. వస్తుంది, కంటికి ఆనుతుంది. అక్కడ ముదురు, లేత చారలు పడాల్సిందే. అప్పట్లో బెర్లిన్‌లో ప్రొపెల్లర్లు చేసిన ఒక కంపెనీ పేరు గరుడ, అదో సరదా.

గుంటూరు_గ్లూ:
అంత చారల ప్రొపెల్లర్ వెనక మీ నున్నటి బాడీ పెడితే రెండూ ఒకే విమానానివి అనిపిస్తాయా? వచ్చే ఆదివారం నాది తెస్తా, మీదీ పట్టుకురండి. ట్యూబ్‌లైట్ కింద కాదు, వాకిట్లో ఎండలో పెడదాం.

పటమట_పుట్టీ:
ఎండ వస్తే కదా.