క్రాఫ్ట్ పిల్స్నర్‌తో పిజ్జా తింటే చేదు ఎందుకు పెరుగుతోంది?

యనమదుర్రు గట్టు (భీమవరం):

అందరికీ నమస్కారమండి. బీరు రుచుల మీద అవగాహన ఉన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక సందేహం అడుగుతున్నాను. ఈ మధ్య ఒక చిన్న బ్రూవరీ వాళ్ల పిల్స్నర్ (బంగారు రంగులో, చేదు తేలే ఒక రకం బీరు) డబ్బాలు దొరికితే, ఇంటికి వచ్చిన మా తోడల్లుడు గారితో కలిసి పిజ్జా తెప్పించుకుని రుచి చూశాం. పిజ్జా రాకముందు తాగిన గుక్కల్లో బీరు చాలా బాగుంది. గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే కోసిన పచ్చగడ్డి వాసన, దాని వెనకే కాల్చిన రొట్టె వాసన వచ్చాయి. నాలుక మీద ముందు కొద్దిపాటి తీపి తగిలి, మింగాక శుభ్రమైన చేదు మిగిలింది. పిజ్జా వచ్చాక అంతా మారిపోయింది. దాని మీద పచ్చిమిర్చి, తందూరి మసాలా పట్టించిన చికెన్ ముక్కలు ఉన్నాయి, పైన చిల్లీ ఫ్లేక్స్ కూడా చల్లుకున్నాం. రెండు ముక్కలు తినేసరికి అదే బీరు నోట్లో గుచ్చుకుంటున్నట్టు, అందులో చేదు తప్ప ఇంకేమీ లేనట్టు అనిపించింది. బీరులోనే ఏదో లోపం ఉందని మా తోడల్లుడు గారు అంటున్నారు, నాకైతే అలా అనిపించడం లేదు.

వచ్చే పండక్కి ఇంట్లోనే రొయ్యల పిజ్జా చేసుకుని, ఇదే పిల్స్నర్‌ను మళ్లీ తీరిగ్గా రుచి చూడాలని ఉంది. చెరువు రొయ్యలకు మా ఊళ్లో కొదవ లేదు. ఎలాంటి పిజ్జా అయితే ఈ బీరు రుచి చెడకుండా ఉంటుందో, అసలు రొయ్య దీనికి నప్పుతుందో లేదో అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పగలరు.

బార్లీ గింజ (కాకినాడ):

గట్టు గారూ, మీరు అనుకున్నదే సరైనది, బీరులో లోపం లేదు. బ్రూవరీలో పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

పిల్స్నర్ 1842లో బొహీమియాలోని, అంటే ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ నగరంలో పుట్టింది. అంతకు నాలుగేళ్ల ముందు ఆ ఊరివాళ్లు బాగాలేని బీరును 36 పీపాల మేర పురపాలక భవనం ఎదుటే పారబోశారని చెబుతారు. ఆ తరువాత వాళ్లు సొంతంగా కొత్త బ్రూవరీ కట్టుకుని, జర్మనీలోని బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే నిపుణుణ్ణి పిలిపించుకున్నారు. లవణాలు చాలా తక్కువగా ఉండే అక్కడి నీరు, పొగ తగలనీయకుండా లేత రంగులో ఆరబెట్టిన బార్లీ మాల్ట్ (మొలకెత్తించిన ధాన్యం), బీరుకు చేదు, వాసన ఇచ్చే సాజ్ రకం హాప్స్ పూలు ఆయన చేతికి అందాయి. చల్లదనంలో నెమ్మదిగా పనిచేసే ఈస్ట్‌తో పులియబెట్టి, వారాల తరబడి చల్లని నేలమాళిగలో ఉంచితే బంగారు రంగులో మెరిసే బీరు వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గోధుమ బీరులోని అరటిపండు వాసన గానీ, నల్ల బీరులోని మాడు కాఫీ వాసన గానీ పిల్స్నర్‌లో ఉండవు. మాల్ట్ తీపి, హాప్స్ చేదు సమంగా తూగితేనే దానికి రుచి. ఆ తూకాన్ని పక్కన పెట్టుకున్న తిండి చాలా సులువుగా చెడగొట్టగలదు.

మీ విషయంలో చెడగొట్టింది మిరపకాయ. నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాలు మామూలుగా 42 డిగ్రీల ప్రాంతంలో స్పందిస్తాయి. మిరపలోని క్యాప్సైసిన్ వాటినే రెచ్చగొడుతుంది కాబట్టి నిజంగా వేడి లేకపోయినా మంట పుడుతుంది. ఆల్కహాల్ తగిలినప్పుడు అవే గ్రాహకాలు సుమారు 34 డిగ్రీలకే స్పందించడం మొదలుపెడతాయి, అంటే మన ఒంటి వేడే వాటికి చాలు. దానికి తోడు బీరులోని కార్బన్ డయాక్సైడ్ నోటి తడిలో కార్బోనిక్ ఆమ్లంగా మారి చురుక్కుమనిపిస్తుంది. ఈ మూడూ ఒకేచోట కలిసినప్పుడు మాల్ట్‌లోని సన్నని తీపి పూర్తిగా మరుగున పడి, చేదు ఒక్కటే పైకి తేలుతుంది. చల్లని బీరు మింగిన క్షణంలో హాయిగా ఉన్నట్టు తోచినా, ఆ చల్లదనం పోగానే మంట మళ్లీ ఎగదన్నడానికి కారణం కూడా ఇదే.

మళ్లీ రుచి చూసేటప్పుడు బీరు 5 నుంచి 7 డిగ్రీల చల్లదనంలో ఉండేలా చూసుకోండి. గ్లాసును వాల్చి పోసి, చివర్లో నిటారుగా నిలిపి రెండు వేళ్ల మందాన నురుగు కట్టనివ్వండి. ముందు ఉత్త బీరు తాగండి, తరువాత పైన ఏమీ లేని పిజ్జా అంచు నమిలి ఒక గుక్క తాగండి, ఆ తరువాతే చీజ్, సాస్ ఉన్న ముక్కకు వెళ్లండి. అంచు తిన్నప్పుడు కాస్త ఆగి గమనించమని నా మనవి. పిజ్జా అంచైనా మాల్ట్ అయినా వేడి తగిలి కమ్మదనం తెచ్చుకున్న ధాన్యమే కాబట్టి, ఆ గుక్కలో బీరులోని రొట్టె వాసన ఒక్కసారిగా పెద్దదవుతుంది. చీజ్ ముక్క తరువాత జరిగేది వేరు. నాలుకకు పట్టిన కొవ్వు పొరను బుడగలు, చేదు కలిసి తుడిచేస్తాయి, చీజ్‌లోని ఉప్పు చేదును కొంత అణచి మాల్ట్ తీపిని బయటకు తెస్తుంది. పిల్స్నర్‌కు పిజ్జా తోడు అనేది అసలు అక్కడే తేలుతుంది.

పొయ్యి దగ్గర (రాజమహేంద్రవరం):

రొయ్య తప్పకుండా నప్పుతుందండి. రొయ్య కండలోని తీపికి గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం ఒక ముఖ్య కారణం, ఆ తీపి మాల్ట్ తీపికి చక్కగా జత కలుస్తుంది. అయితే మన వేపుడు పద్ధతిలో అల్లం, కారం, గరం మసాలా పట్టించి నీరంతా ఇగిరేదాకా వేయిస్తే ఆ తీపి మిగలదు. మధ్యరకం వనామీ రొయ్యలు తీసుకుని, పొట్టు వలిచి, వీపు మీది నల్లని నరం తీసేసి, కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా అద్దండి. నలగ్గొట్టిన వెల్లుల్లి రెబ్బలు వేసిన వెన్నలో వాటిని వేసి, రంగు మారి కొంచెం వంపు తిరగగానే దించేయండి. తోక తలవైపుకు పూర్తిగా చుట్టుకుపోయిందంటే ఉడుకు ఎక్కువైనట్టే. పిజ్జా ముప్పాతిక వంతు కాలాక మాత్రమే రొయ్యలను పైన పేర్చాలి, మొదటే పెడితే అవి నీరు వదిలి పిండిని ముద్ద చేస్తాయి.

నేపుల్స్ కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటి కాలుతుంది, అక్కడ పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో తయారవుతుంది. మన ఇళ్లలోని ఓవెన్లు సాధారణంగా 250 దగ్గర ఆగిపోతాయి. అందుకని బరువైన ఇనుప దోసెల పెనాన్ని ఓవెన్‌లో బోర్లించి, ముప్పావుగంట బాగా కాలనిచ్చి, దాని మీద పిజ్జా వేయండి. అడుగున అక్కడక్కడా నల్లని మచ్చలు పడేలా కాలుతుంది, పిల్స్నర్‌కు కావలసింది ఆ కాలిన రుచే. సాస్‌కు పండు టమాటాలు, ఉప్పు, ఆలివ్ నూనె చాలు. కెచప్ మాత్రం వద్దు, దానిలోని చక్కెర ముందు బీరు పలచగా, మరింత చేదుగా తోస్తుంది. ఓవెన్‌లోంచి తీశాక రెండు చుక్కల నిమ్మరసం పిండితే చాలా బాగుంటుంది.

యనమదుర్రు గట్టు (భీమవరం):

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. మా ఇంట్లో పండక్కి వచ్చేవాళ్లకు కారం లేని తిండి నోటికి పట్టదు. మరో సంగతి, మా బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, వాటితో కడిగిన గ్లాసు ఆరాక తెల్లని చారలు కడుతుంది. దానివల్ల బీరుకు ఏమైనా తేడా వస్తుందా?

కొబ్బరి నీడ (అమలాపురం):

గట్టు గారూ, కారాన్ని పూర్తిగా వదులుకోవాల్సిన పని లేదు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పైగా పాల పదార్థాల్లోని కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది. అందుచేత చిల్లీ ఫ్లేక్స్ పైన చల్లుకోవడం మాని, గింజలు తీసేసిన ఒకటి రెండు ఎండుమిరపకాయలను రొయ్యలు వేయించే వెన్నలోనే వేసి, ఘాటు దిగాక కాయలను తీసేయండి. దాని మీద మోజరెల్లా మామూలుకన్నా కాస్త మందంగా వేయండి. కారం తెలుస్తుంది, బీరు చెడదు. దీనికి జర్మన్ తరహా పిల్స్నర్ కన్నా చెక్ తరహాది మేలని నా అభిప్రాయం, ఎందుకంటే చెక్ తరహాలో పులియకుండా మిగిలే మాల్ట్ తీపి ఎక్కువ, అది మంటకు అడ్డు నిలుస్తుంది.

గ్లాసు సంగతి మీరు అడగడం మంచిదైంది. నీళ్ల చారల కన్నా ఎక్కువ హాని చేసేది కంటికి కనిపించని జిడ్డు పొర, అది నురుగును నిలవనివ్వదు. బీరు గ్లాసులను కూర గిన్నెలు తోమిన పీచుతో తోమకుండా విడిగా కడిగి, చివరిసారి తాగే నీళ్లతో తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. శుభ్రమైందో లేదో తెలియాలంటే లోపలి గోడలు తడిపి చిటికెడు ఉప్పు చల్లండి. అంతటా సమానంగా అంటుకుంటే గ్లాసు శుభ్రంగా ఉన్నట్టు, ఎక్కడైనా అంటుకోకపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టు. మన తీరపు ఉక్కలో గ్లాసు చల్లదనం త్వరగా పోతుంది కాబట్టి ఒక్కసారే నిండా పోయకుండా కొద్దికొద్దిగా పోసుకోవడం మంచిది.

బార్లీ గింజ (కాకినాడ):

నీడ గారు చెప్పిన వెన్న పద్ధతి బాగుంది, నేనూ చేసి చూస్తాను. చెక్ తరహా విషయంలో ఒక్క మాట చేరుస్తాను. కొన్ని డబ్బాల మీద చేదును కొలిచే ఐబీయూ అంకె వేస్తారు. బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే ప్రమాణాల్లో జర్మన్ పిల్స్‌కు అది 22 నుంచి 40, చెక్ ప్రీమియం లేత లాగర్‌కు, అంటే చెక్ తరహా పిల్స్నర్‌కు 30 నుంచి 45. కాగితం మీద చెక్ తరహాదే ఎక్కువ చేదు, కానీ దానిలో మిగిలిన మాల్ట్ తీపి వల్ల నోటికి జర్మన్ పిల్సే ఎక్కువ చేదుగా, పొడిగా తగులుతుంది. గట్టు గారూ, ఆ అంకె చూసి డబ్బా ఎంచుకోకండి. డబ్బా మీద ఏ తరహానో రాసి ఉంటే అది చూడండి, దానితోపాటు తయారైన తేదీ చూడండి. నిల్వ ఉన్న పిల్స్నర్‌లో హాప్స్ వాసన తగ్గిపోతుంది, కాబట్టి దొరికినవాటిలో తాజాది తీసుకుని, పండగ దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి.