కాలువ తవ్వకముందే సరస్సు ఒడ్డు ఊళ్లను రికార్డు చేయాలా, వద్దా?

నీలాటిరేవు: మధ్య అమెరికాలోని నికరాగువా దేశంలో 2013లో 840వ చట్టం తెచ్చి, రెండు సముద్రాలను కలిపే కాలువను ఒక హాంకాంగ్ కంపెనీకి 50 ఏళ్లకు రాసిచ్చారు, ఇంకో 50 ఏళ్లు పొడిగించే వీలుతో. 278 కిలోమీటర్ల దారిలో 100కు పైగా అక్కడి కొసిబోల్కా అనే పెద్ద సరస్సులోనే. ఇలాంటిచోట పని మొదలయ్యేలోపే రేవులు, ఇళ్లు, జాలర్ల మాటలు అన్నీ రికార్డు చేసి దాచాలంటాను.

సర్వేరాయి: ఆ కాలువ తవ్వనే లేదండీ. 2014 డిసెంబరులో ప్రారంభోత్సవం చేశారు, 2024లో ఒప్పందమే రద్దు చేశారు. రాని కాలువ కోసం ఊరిని ముందే వదులుకున్నట్టు ఫొటోలెందుకు?

నీలాటిరేవు: రాదని 2014లో ఎవరికి తెలుసు? సరస్సు సగటు లోతు 13 మీటర్లే. పెద్ద ఓడలకు దానికి రెట్టింపు కావాలి. అడుగు తవ్వితే బురద లేచి చేపలూ తాగునీళ్లూ పాడవుతాయి. అంతకుముందు నీళ్లెలా ఉండేవో రాసిపెట్టకపోతే నష్టమని ఏం చూపిస్తారు?

సర్వేరాయి: నా ప్రశ్న దాటేశారు. తవ్వారా, లేదా?

పడవసరంగు: తవ్వలేదు. ఇక ముందుకెళ్దాం.

సర్వేరాయి: సరే. అక్కడ మొదట ఇళ్లూ పొలాలూ లెక్కరాసుకున్నది కంపెనీ మనుషులే, వెంట పోలీసులు, సైనికులు. చట్టంలో పరిహారమేమో ప్రభుత్వ భూమి రికార్డుల్లో రాసిన విలువ, మార్కెట్ ధర, రెండింట్లో ఏది తక్కువైతే అది. మా ఊరు రిజర్వాయరులో పోయింది. సర్వేకి వచ్చినాయన మా నాన్నను చింతచెట్టు పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. తర్వాత ఆ ఫొటోనే చూపించి, చెట్టు చిన్నదని ధర కోశారు. కాపీ అడిగితే ఇవ్వలేదు.

నీలాటిరేవు: మా అమ్మమ్మ ఊరూ మునిగింది. అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు. చాకిరేవు, శ్మశానం, పశువుల దోవ, వీటికి పట్టాల్లేవని పైసా రాలేదు. ఒక్క ఫొటో ఉన్నా చూపించేవాళ్లం. మీకు నన్ను ఓడించడమే ముఖ్యమైతే చెప్పండి, ఆపేస్తాను.

సర్వేరాయి: మిమ్మల్ని ఓడించి నేనేం బావుకుంటానండీ! తీసినవాడు వెళ్లిపోయాక ఆ ఫొటో ఎవరి బీరువాలో ఉంటుంది? నా గొడవంతా అదే.

వెన్నెలగట్టు: ఈ మాట మొదటే అనాల్సింది అన్నా.

నీలాటిరేవు: ఊళ్లో ఒక కాపీ ఉంచాలి, నిజమే.

సర్వేరాయి: కాపీ కాదు, అసలుదే ఊళ్లో ఉండాలి. ఎవరికి ఏది చూపించాలో ఊరే తేల్చుకోవాలి.

నీలాటిరేవు: ఊరే చెదిరిపోతే అసలుది ఎవరి చేతికిస్తారు? మా అమ్మమ్మ ఊరివాళ్లు ఇప్పుడు నాలుగు చోట్ల ఉన్నారు. ఒకరింటికి ఒకరు పోరు.