చార్దాష్ మహారాణి: తెలుగులో పాడాలంటే ఏ పాఠం పట్టుకోవాలి?

స్వరపల్లవి:
హంగేరియన్ స్వరకర్త కాల్మాన్ ఇమ్రె ఒపెరెట్టా (పాటలు, సంభాషణలు కలిసిన తేలికపాటి సంగీత నాటకం) 'చార్దాష్ మహారాణి' నుంచి నాలుగు పాటలు తీసుకుని, మధ్యలో కథ చెబుతూ, పియానోతో 40 నిమిషాల తెలుగు కార్యక్రమం తయారు చేస్తున్నాం. చిక్కేమిటంటే, ఒక్కో భాషలో కథ ఒక్కోలా ఉంది. హంగేరియన్ ప్రదర్శనల్లో హీరో తల్లిదే పెత్తనమంతా. జర్మన్ పాఠంలో ఆమెది చిన్న పాత్ర. అసలు కథ ఏది? పాటలకు మాటలు రాసేటప్పుడు ఏం చూసుకోవాలి? హక్కుల ఇబ్బంది ఉంటుందా?

తెరచాటు:
అసలుది జర్మన్ పాఠమే. లియో స్టైన్, బేలా యెన్‌బాఖ్ రాశారు. 1915 నవంబర్ 17న వియన్నాలోని యోహాన్ స్ట్రాస్ థియేటర్‌లో మొదటిసారి ఆడింది. బుడాపెస్ట్‌కు వచ్చింది 1916 నవంబర్‌లో, గాబోర్ ఆందోర్ హంగేరియన్ పాఠంతో.

మీరు చూసిన తల్లి పెత్తనం 1954 నాటి మార్పు. బుడాపెస్ట్ ఒపెరెట్టా థియేటర్ కోసం బేకెఫి ఇష్త్వాన్, కెల్లేర్ దెజో కథను తిరగరాశారు. అప్పటికి 61 ఏళ్ల హోంతీ హన్నా కోసం తల్లి పాత్రను, ఫెలెకి కమిల్ కోసం హెడ్ వెయిటర్ మిష్కా పాత్రను బాగా పెంచారు. హంగేరీలో జనం గుండెల్లో నిలిచింది ఇదే. నటనకు గొప్ప పాఠం, కానీ మీ పనికి నప్పదు. అందులో సగం బలం సంభాషణల్లో ఉంది. పాటలే ముఖ్యమైన మీ కార్యక్రమంలో దాన్ని తీసుకుంటే నాయిక సిల్వా పక్కకు జరిగిపోతుంది.

1915 కథ మూడు ముక్కల్లో చెప్పేయవచ్చు. మొదటి అంకం: బుడాపెస్ట్‌లో ఓర్ఫియం అనే వినోదశాలలో గాయని సిల్వా అమెరికా ప్రయాణానికి సిద్ధంగా ఉంటుంది. రాకుమారుడు ఎడ్విన్ ఎనిమిది వారాల్లో పెళ్లాడతానని నోటరీ ముందు సంతకం చేస్తాడు. అతనికి చుట్టాలమ్మాయి ష్టాసీతో నిశ్చితార్థం ముందే ఖాయమైందని తెలిసి ఆమె వెళ్లిపోతుంది. రెండో అంకం: వియన్నా భవనంలో ఆ నిశ్చితార్థానికే, ఎడ్విన్ స్నేహితుడు బోనీకి భార్యనంటూ సిల్వా వస్తుంది. ఆఖరికి ఎడ్విన్ సంతకం చేసిన కాగితం చింపేస్తుంది. మూడో అంకం హోటల్లో: ఎడ్విన్ తల్లి కూడా ఒకప్పుడు ఇలాంటి గాయనేనని పాత రసికుడు ఫెరి గుర్తుపడతాడు. ఈ గుట్టు ముందే బయటపెట్టకండి, వ్యాఖ్యానంలో తప్పు జరిగేది అక్కడే.

అమెరికా పాఠాన్ని మాత్రం నమూనాగా తీసుకోవద్దు. మనకు హాస్య రచయితగా తెలిసిన వుడ్‌హౌస్, గై బోల్టన్‌తో కలిసి 1917లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రం బ్రాడ్‌వేకి 'ది రివియెరా గర్ల్' పేరుతో తెచ్చాడు. కథను మాంటే కార్లోకు మార్చి కొత్తగా అల్లారు, స్వరకర్త జెరోమ్ కెర్న్ పాటలు చేర్చారు. 78 ప్రదర్శనలతో ముగిసింది. బుడాపెస్ట్ గాయని, వియన్నా రాచకుటుంబం అన్న అంతరమే ఈ సంగీతాన్ని నడిపిస్తుంది. అది తీసేస్తే హంగేరియన్ నాట్యమైన చార్దాష్‌కు అక్కడ పనేముంది?

సినిమాల్లో 1971 నాటిది చూడండి. సినెతార్ మిక్లోష్ దర్శకుడు. ఆనా మోఫో, రెనే కోలో పాడారు. రష్యన్‌లో ఇది 'సిల్వా'గా ఇంటింటికీ తెలుసు. 1944లో స్వెర్ద్‌లోవ్‌స్క్ స్టూడియోలో ఒకటి, 1981లో యాన్ ఫ్రీద్ తీసినది మరొకటి.

యతిమైత్రి:
మాటల సంగతి నేను చెబుతాను. సిల్వా ప్రవేశ గీతం చార్దాష్ పద్ధతిలో నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటుంది. నెమ్మది భాగంలో దీర్ఘాచ్చులు, వేగంలో లఘువులు ఎక్కువున్న చిన్న మాటలు వేసుకోండి.

హంగేరియన్ నడకలో తరచూ దీర్ఘం-హ్రస్వం-హ్రస్వం-దీర్ఘం వస్తుంది. మన లెక్కలో భగణం మీద ఒక గురువు: 'వేణువులో', 'కానుకగా' చక్కగా కూర్చుంటాయి. హ్రస్వం-దీర్ఘం తుళ్లింత వచ్చినచోట 'ప్రియా', 'సఖీ' సరిపోతాయి. జర్మన్ మాటల అక్షరాల సంఖ్య చూసి రాస్తే ఇదంతా పోతుంది, స్వరాల నిడివి చూసి రాయాలి.

పెద్ద ప్రమాదం హ్రస్వాన్ని సాగదీయడం. పొడుగు స్వరం మీద 'కల' పెడితే 'కాల' అని వినిపిస్తుంది. సోప్రానో (స్త్రీల హెచ్చు గాత్రం) పై స్వరాలకు 'ఆ' లేదా 'ఓ' ఇవ్వండి. అక్కడ 'ఈ' పెడితే గొంతు బిగుస్తుంది, మాటా తెలియదు. మూడు దెబ్బల నడక ఉన్న వాల్ట్జ్ పాటల్లో మొదటి దెబ్బ మీద విభక్తి ప్రత్యయం పడకుండా చూసుకోండి. 'కి', 'లో' మీద ఊనిక పడితే వాక్యం విరిగిపోతుంది.

స్వరపల్లవి:
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలండీ. 1915 పాఠమే తీసుకుంటాం. మరి హక్కులు?

తెరచాటు:
యెన్‌బాఖ్ 1943లో, కాల్మాన్ 1953లో చనిపోయారు. భారత చట్టం ప్రకారం మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు, కాబట్టి ఇక్కడ 2013తోనే గడువు తీరింది. యూరప్‌లో 70 ఏళ్లు, అక్కడ 2023తో తీరింది. గాబోర్ కూడా 1953లోనే పోయాడు, ఆయన హంగేరియన్ పాఠానికీ ఇదే లెక్క.

1954 పాఠం అలా కాదు. కెల్లేర్ 1986 దాకా ఉన్నాడు, అందులోంచి సంభాషణ ఒక్కటి వాడినా అనుమతి కావాలి. ఇటీవలి పరిష్కృత ప్రతులకు, ఆర్కెస్ట్రా కోసం కొత్తగా రాసిన ఏర్పాట్లకు, ఇంగ్లీషు అనువాదాలకు హక్కులు వేరుగా ఉండవచ్చు. అందుకని పాత పియానో-గాత్ర ప్రతి సంపాదించి, అందులోని జర్మన్ నుంచే నేరుగా తెలుగు రాసుకోండి. ప్రతి తీసుకునే ముందు ముద్రణ సంవత్సరం, సంపాదకుడి పేరు చూడండి.