పాతకాలపు యూరప్ గౌనుకు బిగుతు చేతులు: చెయ్యెత్తితే గౌనంతా లేస్తోంది

కుట్టుపెట్టె, తిరుపతి:
కాలేజీ నాటకానికి 14వ శతాబ్దపు యూరప్ తరహా గౌను కుడుతున్నాం. నగరి నుంచి తెప్పించిన మందపాటి కాటన్. చేతులు మణికట్టు దాకా ఒంటికి పట్టినట్టుండాలి, మోచేతి నుంచి కిందికి వరుసగా బొత్తాలు రావాలి. జాకెట్ చేతి కటింగ్‌నే పొడవు పెంచి కోశాం. చెయ్యి దించితే చక్కగా ఉంది. భుజం ఎత్తుకు లేపితే నడుము దగ్గర గౌనంతా పైకి వస్తోంది. మోచెయ్యి మడిస్తే బట్ట మణికట్టు మీంచి రెండు ఇంచులు జారిపోతోంది.
చంక రౌండ్ 18, చేతి డౌన్ (చేతి పైగుండ్రం ఎత్తు, భుజం కొన నుంచి చంక గీత దాకా) ఆరున్నర, కండ దగ్గర బట్ట 11.5 (చెయ్యి 11), పొడవు 22, మోచెయ్యి మడిస్తే దాని చుట్టుకొలత 10.5, మణికట్టు 6. అన్నీ ఇంచులే. లూజు పెంచితే సరిపోతుందా? మీటరున్నర బట్ట మిగిలింది.

చంకరౌండ్:
లూజు పెంచితే పోదండి. లోపం చంకలో ఉంది. నడుము నుంచి పక్క కుట్టు మీదుగా చంకకు, అక్కడి నుంచి చేతి లోపలి వైపుగా మోచేతికి ఒకసారి టేపు పెట్టి చూడండి. చెయ్యెత్తినప్పుడు సాగాల్సింది ఆ దారే. చంక కిందికి దిగితే పక్క కుట్టు పొట్టిదవుతుంది, డౌన్ ఎక్కువైతే చేతి లోపలి కుట్టు పొట్టిదవుతుంది. మీ గౌనులో రెండూ జరిగాయి. జాకెట్ చెయ్యి పొట్టిది కాబట్టి అక్కడ ఇది తెలియదు.

డౌన్ ఒక్కటే తగ్గించినా ఫలితం ఉండదు. 18 రౌండ్‌కు డౌన్ 4 పెడితే చెయ్యి 15 దాటి వెడల్పవుతుంది, బిగుతు పోతుంది. అందుకని ముందు రౌండ్ తగ్గించాలి. భుజం కుట్టు విప్పి ముందు ముప్పావు, వెనక ముప్పావు లోపలికి పట్టండి. రౌండ్ పదహారున్నరకు వస్తుంది, చంక కూడా ముప్పావు ఇంచు పైకి లేస్తుంది. మెడ ఇరుకవుతుంది కనుక మళ్లీ కోసుకోవాలి, కింద అంచు కూడా అంతే పైకి పోతుంది. తొడిగి చూస్తే బట్ట చంకకు అర ఇంచు దూరంలో ఉండాలి. చంక దిగితేనే హాయిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, బిగుతు చేతికి అది పూర్తిగా తప్పు.

పదహారున్నర రౌండ్‌కు డౌన్ నాలుగుంబావు పెట్టి కొత్త చేతులు కోయండి. కండ దగ్గర 13.5 వస్తుంది. చేతి గుండ్రం (చంకకు అతికే పై అంచు పొడవు) చంక రౌండ్ కంటే అర ఇంచు ఎక్కువుంటే చాలు. ముప్పావు దాటితే ఈ మందపు కాటన్‌లో భుజం మీద ముడతలు నిలిచిపోతాయి.

సూదిమొన, చిత్తూరు:
చంక సంగతి అన్న చెప్పినట్టే చెయ్యి పాపా. మోచేతి సంగతి వేరే ఉండాది. మీరు చేతి కుట్టు చంక కిందికి పెట్టినారు. ఆ కాలం చేతుల్లో కుట్టు వెనక వైపు, మోచేతి మీదుగా దిగేది. గ్రీన్‌లాండ్‌లో హెర్యోల్ఫ్స్‌నెస్ శ్మశానంలో 1921 తవ్వకాల్లో దొరికిన బట్టల్లో ఈ రకం చేతులు ఉండాయి.

కాగితం మీద చేతి నమూనా గీసి, వెనక చంక అంచు నుంచి మూడున్నర ఇంచులు లోపలికి నిలువుగా కొయ్యి. ఆ ముక్కను తీసుకపోయి ముందు చంక అంచుకు అతికించు. పైగుండ్రం వంకర అలలాగా అవుతాది, భయపడొద్దు. కుట్టు ఇప్పుడు సరిగ్గా మోచేతి మీదికి వస్తాది.

తరవాత రెండు అంచుల్నీ మోచేతి దగ్గర బయటికి ఉబ్బించి గీయి. అక్కడ వెడల్పు 11, రెండించులు కిందికి పోయేసరికి తొమ్మిదిన్నర, మణికట్టు దగ్గర ఆరున్నర. ఆ ఉబ్బే మోచేతికి గిన్నె మాదిరి చోటిస్తాది. నేరుగా గీస్తే మడిచినప్పుడు బట్ట పైకి లాగుతాది. పొడవు కూడా చెయ్యి మడిచి, భుజం నుంచి మోచేతి మీదుగా కొలువు. చెయ్యి చాపినప్పుడు మణికట్టు పైన సన్న ముడతలు వస్తాయి, అవి ఉండాల్సిందే.

కుట్టుపెట్టె, తిరుపతి:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. చంకలో నలుచదరం ముక్క వేస్తే సరిపోతుందని ఒకరన్నారు. వెయ్యాలా? బొత్తాలు ఎన్ని?

చంకరౌండ్:
కుట్టు వెనక్కి పోయాక ఆ ముక్క అక్కర్లేదు. కుట్టు చంక కిందే ఉన్న వదులు చేతులకు అది. ఫ్రాన్స్‌లో లియోన్ మ్యూజియంలో షార్ల్ ద బ్లువా అనే 14వ శతాబ్దపు ఫ్రెంచి ప్రభువుదని చెప్పే కోటు ఫొటోలు చూడండి (ఆయన 1364లో యుద్ధంలో చనిపోయాడు). చంక గుండ్రం ఛాతీ మీదికి, వీపు మీదికి చొచ్చుకొచ్చి చాలా పెద్దదిగా ఉంటుంది, అయినా చంక కింద మాత్రం పైకి పట్టి ఉంటుంది. చెయ్యి తేలిగ్గా కదలడానికి కారణం అదే. మొదటిసారికి అంత కటింగ్ వద్దు, మామూలు చంక చాలు.

సూదిమొన, చిత్తూరు:
బొత్తాలు చేతికి 12. మణికట్టు నుంచి అర ఇంచు వదిలి మొదటిది, ఆపైన ముప్పావు ఇంచుకొకటి. ఆ బట్టతోనే చెయ్యి. ఇంచుంబావు గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ పరుగు కుట్టు వేసి దారం లాగు, అంచులు లోపలికి దోపి బిగించి కుట్టెయ్యి. గట్టి ఉండ అవుతాది. దాన్ని బట్ట మీద కాదు, సరిగ్గా అంచు మీదనే కుట్టాల. కాజాలు అవతలి అంచుకు పావు ఇంచు లోపల. కాజా అంచుకు లోపల ఇంచు వెడల్పు పట్టీ వెయ్యి, నిలువు పోగు మీద కోసింది. క్రాస్ పట్టీ (ఐమూలగా కోసింది) వేస్తే సాగి, బొత్తాల మధ్య నోళ్లు తెరుచుకుంటాయి. లండన్ తవ్వకాల్లో దొరికిన 14వ శతాబ్దపు చేతి అంచుకు సన్న పట్టు పట్టీ ఉండాది.

ఇంకో మాట. బట్టను ముందు తడిపి ఆరబెట్టినారా? కాటన్ కుంచించుకుంటే పొడవు ముందు పోతాది. మిగిలిన బట్ట కొయ్యకముందే కోరా గుడ్డతో ఒక చెయ్యి కచ్చా కుట్టు వేసి తొడిగి, తల మీద చెయ్యి పెట్టించు, చేతులు కట్టించు. వీపు మీద లాగితే వెనక గుండ్రం పావు ఇంచు పెంచు. మన ఎండల్లో చేతులకు లైనింగ్ వెయ్యొద్దు, చెమటకు అతుక్కుని మళ్లీ అదే లాగుడు మొదలవుతాది.