పెరూ సేంద్రియ, ఫెయిర్ ట్రేడ్ కాఫీ: మనం ఎక్కువ ఇచ్చే డబ్బులో రైతుకు చేరేదెంత?

మాధవి_కె అడిగారు:

కొన్ని నెలలుగా పెరూ సేంద్రియ కాఫీ కొంటున్నాను. ప్యాకెట్ మీద ఫెయిర్ ట్రేడ్ ముద్ర, పక్కనే సేంద్రియ ముద్ర, కింద చిన్న అక్షరాలతో "కహమార్కా ప్రాంతపు చిన్న రైతులు" అని ఉంటుంది. మామూలు కాఫీతో పోలిస్తే ధర దాదాపు రెట్టింపు. రుచి నాకు బాగా నచ్చింది. నా ప్రశ్న డబ్బు గురించి. ఈ అదనపు డబ్బులో రైతు చేతికి నిజంగా ఎంత వెళ్తుంది? దుకాణంలో అడిగితే "రైతుకు న్యాయమైన ధర ఇస్తారు" అన్నారు గానీ అది ఎంతో, ఎవరు ఎవరికి ఇస్తారో చెప్పలేకపోయారు. ఇంకోటి, మందులు వాడలేదని అంత దూరాన ఉన్న కొండల్లో ఎవరు చూస్తారు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్తే సంతోషిస్తాను. ఇచ్చే డబ్బు సరైన చోటికి వెళ్తుందంటే ఎక్కువ ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

రఘు_79:

ఫెయిర్ ట్రేడ్ ముద్ర ఉన్న కాఫీకి రైతు సంఘానికి ఇవ్వాల్సిన కనీస ధర పౌనుకు (సుమారు 454 గ్రాములు) 1.80 డాలర్లు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ పౌను 4 డాలర్లు దాటింది. మార్కెట్టే కనీస ధరకు రెట్టింపు పైగా ఇచ్చినప్పుడు ఆ ముద్ర వల్ల రైతుకు ఒరిగేదేమిటి? నా ఉద్దేశంలో కాఫీ బాగుంటే కొనండి, ముద్ర కోసం మాత్రం ఎక్కువ ఇవ్వకండి.

భాస్కర్_పచ్చిగింజలు:

మాధవి గారూ, పచ్చి కాఫీ గింజలు దిగుమతి చేసే ఒక చిన్న సంస్థలో నాణ్యత చూసే పని నాది. మేం ఎక్కువగా కొనేది ఉత్తర పెరూలో, హయేన్, శాన్ ఇగ్నాసియో వైపు సహకార సంఘాల దగ్గర. పంట కాలంలో అక్కడికి వెళ్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు లెక్క. కడిగి ఆరబెట్టిన అరబికాకు కనీస ధర 2023 ఆగస్టు నుంచి పౌనుకు 1.80 డాలర్లు, అంతకుముందు 1.40 ఉండేది. సేంద్రియమైతే దాని మీద 40 సెంట్లు. ఇవి కాక సంఘానికి ప్రీమియం అని ఇంకో 20 సెంట్లు. మొత్తం 2.40, అంటే కిలోకు 5.30 డాలర్ల దాకా. వేయిస్తే గింజ బరువు తగ్గుతుంది కాబట్టి పావుకిలో ప్యాకెట్‌కి దాదాపు 300 గ్రాముల పచ్చి గింజలు కావాలి. ఆ లెక్కన మార్కెట్ ఎంత పడిపోయినా మీ ప్యాకెట్ మీద సంఘానికి డాలరున్నర పైన రావాలి.

రఘు గారు అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. మార్కెట్ ధర కనీస ధరను దాటితే కొనేవాళ్ళు మార్కెట్ ధరే ఇవ్వాలి. సేంద్రియం తాలూకు 40 సెంట్లు, ప్రీమియం 20 సెంట్లు దాని మీద అదనం. పౌనుకు 60 సెంట్లంటే పావుకిలో ప్యాకెట్ మీద సుమారు 40 సెంట్లు. ధరలు బాగున్న ఏడాది ముద్రల వల్ల పెరూకి అదనంగా వెళ్ళేది ఇంతే. మాధవి గారూ, మీరు అదనంగా ఇస్తున్నది 40 సెంట్ల కంటే చాలా ఎక్కువై ఉంటుంది. మిగతాదంతా చిన్న మోతాదులో తెప్పించుకోవడం, వేయించడం, ప్యాకింగ్, దుకాణం లాభం. అది తప్పని నేననను, వాళ్ళూ బతకాలి. కానీ "న్యాయమైన ధర" అన్న మాట కింద ఆ మొత్తాన్నీ రైతు ఖాతాలో వేసి చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది.

ఈ ధర రైతు చేతికిచ్చే ధర కూడా కాదు. ఓడ ఎక్కించే రేవు దగ్గర సంఘానికిచ్చే ధర. హయేన్ కాఫీ లారీల్లో కొండలు దిగి పైతా రేవుకు చేరాలి. దానికి ముందు గింజ మీది పార్చ్‌మెంట్ అనే పొట్టు తీసే మిల్లు ఖర్చు, గోనెసంచులు, తనిఖీల ఫీజులు, వ్యవసాయ నిపుణుల జీతాలు, బ్యాంకు వడ్డీ, అన్నీ అందులోంచే పోవాలి. రైతు పొట్టుతో ఉన్న గింజలు తెచ్చి ఇచ్చిన రోజు సంఘం కొంత చెల్లిస్తుంది. ఏడాది లెక్కలు తేలాక మిగిలినదాంట్లోంచి రెండో విడత ఇస్తుంది, దాన్ని అక్కడ రెఅహుస్తే అంటారు. సంఘం సమర్థంగా నడిస్తే రెఅహుస్తే బాగుంటుంది, అప్పుల్లో ఉంటే ఏమీ మిగలదు. ముద్ర ఒకటే అయినా పక్కపక్క ఊళ్ళలో రెండు సంఘాల రైతులకు ముట్టేది వేరుగా ఉండేది ఇందువల్లే.

అయితే ముద్రతో పనే లేదా? ఉంది. అది తెలియాలంటే ధరలు పడిపోయిన సంవత్సరాలు చూడాలి. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని ఎగుమతి కోటాలు రద్దయ్యాక ధరకు ఆధారం లేకుండా పోయింది. 2001 చివర్లో పౌను 50 సెంట్ల లోపుకి దిగింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు, 2019 వసంతంలో డాలరు లోపే ఉంది. ఆ ఏడాది ముద్ర ఉన్న సేంద్రియ కాఫీకి అప్పటి లెక్క ప్రకారం 1.90 వచ్చింది, మార్కెట్‌కి రెట్టింపు. ఎరువు ఆపేసి తోట వదిలేయాలా, ఇంకో ఏడాది నిలబడాలా అని చూస్తున్న రైతుకు ఈ తేడా మామూలుది కాదు.

నాకు మాత్రం ధరకంటే ముఖ్యమనిపించేది అప్పు. పెరూలో కాఫీ కోత ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. ఏడాదంతా సంపాదన ఆ కొద్ది నెలల్లోనే. కోతకు ముందు ఇంట్లో డబ్బుండదు, కోత మొదలయ్యాక కూలీలకు రోజూ ఇవ్వాలి. పండిన కాయలే ఏరాలి కాబట్టి అదే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. సరిగ్గా అప్పుడే అకోపియాడోర్ వస్తాడు. ఊరూరా తిరిగి కాఫీ కొనే దళారి. చేతిలో నోట్లుంటాయి, తేమ ఉన్నా కొంటాడు, ధర మాత్రం తనే చెప్తాడు. ముందే అప్పిచ్చి ఉంటే ఇంకా తక్కువకు తీసుకుంటాడు. సంఘం దగ్గర ఆ సమయానికి నగదు ఉంటేనే రైతు అతని వైపు చూడకుండా ఉండగలడు. ఫెయిర్ ట్రేడ్ నియమాల్లో, సంఘం అడిగితే ఒప్పందం విలువలో 60 శాతం దాకా కొనుగోలుదారు ముందుగా సమకూర్చాలని ఉంది. చేతిలో ఒప్పందం ఉంటే దాన్ని చూపించి బయట కూడా అప్పు తెచ్చుకోవచ్చు. ప్యాకెట్ మీద ఎవరూ రాయని ఈ విషయమే నా దృష్టిలో మొత్తం ఏర్పాటుకు ప్రాణం.

రఘు గారూ, ధరలు పెరగడం సంఘాలకు పండగ అనుకోకండి. ధర ముందే ఖాయం చేసుకుని ఒప్పందం రాసుకున్నాక మార్కెట్ ఎగబాకితే, దళారి ఇంటి గుమ్మం దగ్గరే ఎక్కువ ఇస్తాడు. సభ్యులు అటు అమ్ముతారు, సంఘం సరుకు ఇవ్వలేక అప్పులో పడుతుంది. 2021లో బ్రెజిల్ మంచు దెబ్బకు ధర పెరిగినప్పుడు కొలంబియాలో ఇదే జరిగింది. చాలామంది రైతులు ముందు ఒప్పుకున్న కాఫీ ఇవ్వలేదు, సహకార సంఘాలు పెద్ద మొత్తాలకు ఇరుక్కున్నాయి. రైతును నేను తప్పు పట్టను. ఎన్నో ఏళ్ళు నష్టానికి అమ్మి, ఒక్క ఏడాది మంచి ధర కళ్ళబడితే ఎవరైనా అదే చేస్తారు.

మందుల తనిఖీ గురించి ఇంకో పోస్టులో రాస్తాను, ఇదే చాలా పొడుగైంది.

విజయ_తోటలు:

భాస్కర్ గారు తనిఖీ గురించి రాసేలోపు ఒక మాట. నేను వ్యవసాయ శాస్త్రం చదివాను, బొలీవియాలో యుంగాస్ అనే కొండ లోయల ప్రాంతంలో, కరనావి ఊరి దగ్గర, కొంతకాలం నేల సారం మీద పనిచేశాను. అక్కడ నన్ను బాధపెట్టింది ఏంటంటే, చాలా తోటలు సేంద్రియంగా ఉన్నది ఎరువు కొనే డబ్బు లేక. రసాయనం వేయరు సరే, కంపోస్టు కూడా వేయరు. ఏటా పంట తీసుకుపోతారు, నేలకు తిరిగి ఏమీ ఇవ్వరు. చెట్లు ముసలివైపోయి దిగుబడి పడిపోతుంది. పౌనుకు 40 సెంట్లు ఎక్కువిచ్చినా అమ్మడానికి పౌన్లే లేకపోతే ఏం లాభం? పక్క చేలో కోకా ఆకు ఏడాదికి మూడు నాలుగు కోతలిస్తుంది, కాఫీకి ఒక్కటే. జనం అటు వెళ్ళిపోతుంటే ఆపే మాట నా దగ్గర లేకపోయింది. ముద్ర ఇచ్చేటప్పుడు "ఏం వేయలేదు" అన్నది చూసినంత గట్టిగా "నేలకు ఏం ఇచ్చారు" అన్నది కూడా చూడాలి.

భాస్కర్_పచ్చిగింజలు:

విజయ గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. హయేన్ వైపు కూడా రెండు రకాల తోటలూ ఉన్నాయి. బాగా చేసేవాళ్ళు పండు గుజ్జును పారేయకుండా కుళ్ళబెట్టి కంపోస్టు చేస్తారు, పెరూ తీర ద్వీపాల మీద సముద్రపక్షుల రెట్టతో తయారయ్యే గ్వానో తెచ్చి కలుపుతారు, నీడకు ఇంగా చెట్లు పెంచుతారు. ఇంగా పప్పుజాతి చెట్టు, నేలకు నత్రజని ఇస్తుంది. ఇదంతా చేతి పని, గ్వానో బస్తాలు మోసుకు రావడం ఇంకో ఖర్చు. ప్రీమియంలో పౌనుకు కనీసం 5 సెంట్లు దిగుబడికి, నాణ్యతకు ఖర్చు పెట్టాలని నియమం ఉంది, మిగతాది దేనికన్నది సభ్యులే సమావేశంలో ఓటు వేసి తేలుస్తారు. కంపోస్టు షెడ్డుకు, నారుమళ్ళకు ఓటేసిన సంఘాల తోటలు చూస్తే తేడా తెలిసిపోతుంది.

తెగుళ్ళు ఇంకా కష్టం. 2013 ప్రాంతంలో ఆకు తుప్పు అనే శిలీంద్ర తెగులు పెరూ మధ్య లోయల్ని, సాతిపో, చంచమాయో వైపు తోటల్ని తుడిచిపెట్టింది. తిపికా, కతుర్రా లాంటి పాత రకాలు దానికి తట్టుకోలేవు. సేంద్రియ రైతుకు గట్టి శిలీంద్ర మందులు కుదరవు, రాగి కలిపిన మిశ్రమాలు పరిమితంగా వాడొచ్చు, అంతే. చాలామంది తెగులు తట్టుకునే కతిమోర్ రకం నాటారు. రుచిలో నేను పాత రకాలకే ఓటేస్తాను, కానీ పంట పోయిన మనిషికి ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు.

ఇక తనిఖీ. మందులు మానేసిన మూడేళ్ళ దాకా ఆ తోట కాఫీని సేంద్రియంగా అమ్మకూడదు. కష్టమంతా ముందు, అదనపు ధర తర్వాత. ఒక్కో చిన్న రైతు విడిగా ధ్రువపత్రం కొనుక్కోలేడు కాబట్టి సంఘం మొత్తానికి కలిపి తీసుకుంటారు. సంఘం తరఫు తనిఖీదారులు ఏటా ప్రతి తోటకూ వెళ్తారు, బయటి ధ్రువీకరణ సంస్థ వచ్చి వాటిలో కొన్నిటిని మళ్ళీ చూస్తుంది. యూరప్ కొత్త సేంద్రియ నిబంధన 2018/848 ప్రకారం కనీసం 5 శాతం సభ్యుల తోటలు ఇలా మళ్ళీ చూడాలి, ఒక బృందంలో 2,000 మందికి మించకూడదు, బృందానికి సొంత చట్టబద్ధ హోదా ఉండాలి. తనిఖీ గట్టిపడటం మంచిదే. కానీ ఏళ్ళ తరబడి కష్టపడి కట్టుకున్న పెద్ద సంఘాన్ని కాగితాల మీద ముక్కలు చేసుకోవాల్సి రావడం, దాని ఖర్చు వాళ్ళే భరించడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

నేను ఎక్కువ భయపడేది మోసం గురించి కాదు, పక్క చేలో కలుపు మందు కొడితే గాలికి వచ్చి పడే తుంపర గురించి. సరుకు దిగుమతి అయ్యాక ల్యాబులో ఆ మందు ఆనవాలు దొరికితే కంటెయినర్ మొత్తం సేంద్రియం కాకుండా పోతుంది. అందులో ఎంతోమంది రైతుల కాఫీ కలిసి ఉంటుంది. అందుకే చేను గట్టున ఖాళీ వదలడం, జీవకంచె వేయడం మీద సంఘాలు అంత పట్టుబడతాయి.

మాధవి_కె:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. కోతకు ముందు అప్పు సంగతి నేను ఊహించనైనా లేదు. ఒకటి చెప్పండి, కొనేటప్పుడు నాలాంటిదానికి మంచి సంఘం, కాని సంఘం తేడా ఎలా తెలుస్తుంది?

భాస్కర్_పచ్చిగింజలు:

ప్యాకెట్ మీద సంఘం పేరు ఉందా చూడండి. "చిన్న రైతులు" అని మాత్రమే ఉంటే వేయించేవాళ్ళకు ఒక మెయిల్ పెట్టండి. ఏ సంఘం, ఏ ఏడాది పంట, రేవు దగ్గర పౌనుకు ఎంత ఇచ్చారు, అదే సంఘం నుంచి ఎన్నేళ్ళుగా కొంటున్నారు, ఇవి అడగండి. ఆఖరిది తప్పకుండా అడగండి. ధర పడిన ఏడాదీ పెరిగిన ఏడాదీ అదే సంఘం దగ్గర కొన్నవాళ్ళకే నేనైతే ఎక్కువ ఇస్తాను.

ముద్రల్లో కూడా తేడా ఉంది. ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ పద్ధతిలో కాఫీకి చిన్న రైతుల సంఘాలకు మాత్రమే ధ్రువీకరణ ఇస్తారు. 2011 చివర్లో దాన్నుంచి విడిపోయిన ఫెయిర్ ట్రేడ్ యూఎస్‌ఏ పెద్ద ఎస్టేట్లకు కూడా ఇస్తుంది. ఎస్టేట్ కూలీలకు మేలు జరగాలన్నది మంచి ఉద్దేశమే, కానీ మీరు చిన్న రైతు కోసం ఇస్తున్నారు కాబట్టి ఇది తెలియాలి. లాటిన్ అమెరికా రైతు సంఘాలు సొంతంగా మొదలుపెట్టిన ఎస్‌పీపీ (చిన్న ఉత్పత్తిదారుల ముద్ర) అనేది కూడా ఉంది, కనిపిస్తే వదలకండి.

రఘు_79:

60 సెంట్లు మార్కెట్ ధర మీద కూడా అదనం అన్నది నాకు తెలియదు, వివరించినందుకు థ్యాంక్స్. ఒక సందేహం మాత్రం మిగిలింది. కోతకు వచ్చే కూలీలకు ఇందులో ఏం దక్కుతుంది?

భాస్కర్_పచ్చిగింజలు:

తక్కువే రఘు గారూ. నియమాల్లో కూలీల గురించి ఉంది, కానీ రెండు మూడు హెక్టార్ల రైతు దగ్గర కొద్దివారాలు పనిచేసి వెళ్ళే కూలీ దాకా ఆ డబ్బు వెళ్ళడం నేను పెద్దగా చూడలేదు. రైతుకే మిగలనప్పుడు కూలి పెంచమని అడగడం కష్టం. కొన్నిచోట్ల ఇరుగుపొరుగు కుటుంబాలు ఒకరి తోటలో ఒకరు కోసుకుంటారు, అక్కడ ఈ సమస్య కొంచెం తక్కువ. కొలంబియా సంగతి విజయ గారికి గానీ ఇంకెవరికైనా గానీ తెలిస్తే రాయండి, అక్కడ కోత కూలీలు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వలస వెళ్తారు కాబట్టి పరిస్థితి వేరు.