గ్రహ నీహారికను పిల్లలకు ముందు కంటికి చూపాలా, ఫొటోలోనా?

ఉదయగిరి కొండకింద:
మొన్న మార్చి అమావాస్యకు, తెల్లవారుజామున మా ఊరి బడి పిల్లలకు 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపులో ఎం57 అనే ఉంగరపు నీహారికను చూపించాను. అదొక గ్రహ నీహారిక, అంటే చావుకు దగ్గరైన నక్షత్రం వదిలిన వాయు మేఘం. అభిజిత్ నక్షత్రం దగ్గర రెండు చుక్కల నడుమ ఉంటుంది. పక్కనే మరొకరు తనంతట తానే ఫొటో తీసే స్మార్ట్ టెలిస్కోపు పెట్టి, ఫోనులో ఎర్రటి అంచు ఉన్న నీలాకుపచ్చ ఉంగరాన్ని చూపించారు. పిల్లలంతా అటే వెళ్లిపోయారు. ఆ రంగులు చూసి వచ్చిన కంటికి ఐపీస్‌లోని (కన్ను పెట్టి చూసే కటకంలోని) బూడిదరంగు పొగ ఉంగరం ఆనుతుందా? కంటిచూపు అయ్యాకే ఫొటో చూపాలన్నది నా వాదన.

కొత్తపట్నం తీరం:
నేను ఒప్పుకోనండీ. మా వైపు రొయ్యల చెరువుల దీపాలు, పైగా సముద్రపు చెమ్మ. అర్ధరాత్రి దాటితే ఐపీస్ మసకబారిపోతుంది. నలభై మంది వరుసలో నిలబడితే తలకు అర నిమిషం. అలవాటు లేని కంటికి అంతలో ఏం తెలుస్తుంది? ఆ రంగులు అబద్ధం కావు. ఎరుపు హైడ్రోజన్, నైట్రోజన్‌లది, నీలాకుపచ్చ ఆక్సిజన్‌ది. మసక వెలుగులో రంగు పట్టలేకపోవడం మన కంటి లోటు. ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ అంతటివాడు ఇలాంటి నీహారికలను కంటితో చూసి, గ్రహాల్లా గుండ్రంగా ఉన్నాయని ‘గ్రహ నీహారికలు’ అని పేరు పెట్టాడు. గ్రహాలకూ వాటికీ సంబంధమే లేదు! నీహారికను వెలిగించే నడిమి నక్షత్రం ప్రకాశ పరిమాణం 15కు పైనే (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక). మీ 8 అంగుళాలకు అది అందదు. దాన్ని చూపకుండా చావుకు దగ్గరైన నక్షత్రం కథ ఎలా చెబుతారు?

ఉదయగిరి కొండకింద:
నక్షత్రం మాట నిజమే, దానికి ఫొటోయే దిక్కు. కానీ 1864లో క్యాట్స్ ఐ అనే మరో గ్రహ నీహారిక వాయువని తేల్చిన ఖగోళ పరిశీలకుడు హగ్గిన్స్ కూడా, వెలుగును రంగులుగా విడదీసే పట్టకం వెనక కన్ను పెట్టే, వాయువును పట్టిచ్చిన పచ్చటి గీతను చూశాడు. మా వరుసలో ఏడో తరగతి పాప ‘ఏమీ లేదండీ’ అంది. సూటిగా చూడకుండా ఓరకంట చూడమన్నాను. మసక వెలుగును పట్టే దండ కణాలు కంటి నడుమ ఉండవు, చుట్టూ ఉంటాయి. కాసేపు ఊపిరి బిగబట్టి, ‘నడుమ చిల్లి ఉందండీ, గారెలాగా!’ అని అరిచింది. సుమారు 2,500 ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగు నేరుగా ఆ పాప కంట్లోకే దిగింది. ఫోను తెర ఆ పని చేయలేదు.

కొత్తపట్నం తీరం:
ఆ ఓరచూపు నేర్పే ఓపిక మాలో తక్కువే. వచ్చే అమావాస్యకు మీ దగ్గరికి వస్తాను, నా ఫోను తెర మూసే ఉంచుతాను. కానీ చివరి పిల్లవాడు ఐపీస్ వదిలాక మాత్రం తెరవాల్సిందే.